నంబరు మీద బొట్టు

మా మామగారు కొల్లేటి పిట్టలను దొంగతనంగా కొట్టేవారని, అందుకే తన రైఫిల్ మీద నంబరు అరగదీసుకున్నారని మండవల్లి వైపు ఇప్పటికీ అనుకుంటారు. ఆయన పెద్దకార్యం నాడు భోజనాల బంతిలో నా వెనక కూర్చున్న ఇద్దరు కూడా ఆ మాటే అనుకున్నారు. "ఎంత పెద్దమనిషండీ, పోయి పోయి కొంగలకి కక్కుర్తి పడ్డాడు" అన్నాడొకాయన. "కొంగ రుచి మీకేం తెలుసండీ, ముందు ఆ పప్పు వేయించుకోండి" అని రెండో ఆయన నవ్వాడు. నేను తల తిప్పలేదు. ఆకులో అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఆ నంబరు ఆయన అరగదీయలేదు. నేను అరగదీశాను. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఏలూరులో మాకు తుపాకుల మరమ్మతు కొట్టు ఉంది. లైసెన్సు మా నాన్నగారి నుంచి నాకు వచ్చింది. వేట ఎప్పుడో నిషేధించారు గాని, వేటగాళ్ళు కొన్న తుపాకులు ఇళ్ళలో మిగిలిపోయాయి. లైసెన్సు ఉన్న పెద్దాయన పోగానే కొడుకులు దాన్ని దుప్పటిలో చుట్టి తెస్తారు. "ఈ పీడ వదిలించండి బాబూ" అంటారు. కాగితాలన్నీ సరిచూసుకుని నేను కొంటాను. తుప్పు వదిలించి, గొట్టం లోపలి గాడులు శుభ్రం చేసి, చీలిన కర్ర అతికించి, పంట కాపలాకి లైసెన్సు ఉన్న రైతులకు అమ్ముతాను. ఎనభై తొంభై ఏళ్ళ వయసున్న రైఫిల్ మళ్ళీ పేలినప్పుడు కలిగే సంతోషం కోసమే ఈ పనిలో ఉన్నాను. మా అత్తవారి వైపు మాత్రం దీన్నెవరూ గొప్ప పనిగా చూడలేదు. పెళ్ళిళ్ళలో నన్ను దూరం నుంచి చూపించి "తుప్పు అల్లుడు" అనుకునేవారు. నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మా మామగారిది మండవల్లి దగ్గర పల్లె. అక్కడ చేపల చెరువులు ఉండేవి. తాడేపల్లిగూడెం అవతల మెట్టలో వాళ్ళమ్మగారి నుంచి వచ్చిన పొలంలో మొక్కజొన్న వేసేవారు. కండె పాలు పోసుకునే వేళకి అడవిపందులు దిగేవి. వాటిని చంపడానికి కాదు, గాల్లోకి ఒక్కటి పేల్చి బెదరగొట్టడానికి ఆయనకి తుపాకీ కావాలి. ఆయన పాత తుపాకీ ఇక బాగుచేయడానికి లేకుండా పాడైంది.

"మంచిది ఏదైనా వస్తే చూడండి అల్లుడుగారూ. పేలితే చాలండి. అందం నాకెందుకు, పందికెందుకు?" అన్నారు.

అలాంటి రైఫిల్ తాడేపల్లిగూడెంలో ఒక వర్తకుల ఇంట్లో దొరికింది. ఎవరో దొర వాళ్ళ తాతగారి దగ్గర తాకట్టు పెట్టి విడిపించుకోలేదట. తరాలుగా లైసెన్సు మార్పించుకుంటూ ఉంచుకున్నారే గాని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని తెప్పించి నా ముందు పెట్టించింది.

"మా ఇంట్లో ఇది దోమని కూడా చంపలేదండీ. దసరాకి కాటా పక్కన కూర్చుని కొబ్బరికాయ కొట్టించుకుంటుంది, అంతే" అంది.

ఆయుధపూజ నాడు కొట్లో కాటాలు, తూకపు గుండ్లు, గల్లాపెట్టె వరసగా పెట్టి, చివర ఈ రైఫిల్ పెట్టేవారు. అన్నిటి మీదా కొబ్బరి నీళ్ళు చల్లి పసుపు, కుంకుమ పెట్టేవారు. రైఫిల్‌కి బొట్టు పెట్టడానికి చదునుగా కనిపించే చోటు ఒక్కటే ఉంది. గొట్టం వచ్చి పెద్ద ఇనుప భాగంలో కలిసే చోటు. నంబరు పొడిచింది కూడా అక్కడే. ఆ తడి బొట్టు అలాగే ఎండిపోయి, మళ్ళీ దసరాకి దాని మీదే కొత్త బొట్టు పడేది.

"తుడవలేదా అమ్మా?" అని అడిగాను.

"పెట్టిన బొట్టు తుడిచేస్తారా ఎవరైనా? భలేవారే మీరు!" అంది.

ఇంటికి తెచ్చి ఆ పొర గీకి చూస్తే కింద ఇనుము పుచ్చు పన్నులా గుంటలు పడి ఉంది. గుంటల మధ్య నంబరు కనిపిస్తోంది. అరిగింది గాని చదవగలం. తుపాకీ లైసెన్సులిచ్చే ఆఫీసులో భూతద్దం పెట్టి చదివారు. మా మామగారి లైసెన్సు పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. మామూలుగా తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టు మీద కూడా అదే నంబరు ఉండాలి. ఈ రైఫిల్‌కి బోల్టు ఎప్పుడో మార్చేశారు. కాబట్టి దాని గుర్తు ఏదైనా ఉంటే ఆ బొట్టు కింద ఉన్న అంకెలే.

తరవాత పని మొదలుపెట్టాను. గొట్టం లోపల అనుకున్నంత పాడుకాలేదు. కర్రకి అవిసె నూనె పట్టించిన కొద్దీ లోపలి గీతలు తేలుతూ వచ్చాయి. మధ్యలో మా మామగారు ఏదో పని మీద ఏలూరు వచ్చి కొట్లోకి తొంగిచూశారు. చేతిలోకి తీసుకుని, భుజానికి ఆనించుకుని, ఎదురుగా ఉన్న గోడ గడియారానికి గురిపెట్టారు.

"బాగుందండీ. ఇక ఇచ్చేయండి."

"ఇంకా ఎక్కడండీ, ఆ గుంటలన్నీ తీసేయాలి. అద్దంలా చేసి ఇస్తాను."

ఆయన వేలితో ఆ చోటు తడిమారు. "ఉండనివ్వండి. నా మొహం మీద స్ఫోటకం మచ్చల్లేవా? నన్ను అలాగే చూసి మీవాళ్ళు సంబంధం కలుపుకోలేదా?" అని నవ్వారు.

ఆ రోజు ఆ మాట విని ఉంటే ఇదంతా లేదు. నాకేమో ఆ రైఫిల్ మా అత్తవారి వైపు వాళ్ళందరి మధ్యా తళతళలాడాలని ఉంది. తుప్పు అల్లుడు ఏం చేయగలడో వాళ్ళు చూడాలని ఉంది. ఆకురాయి పెట్టాను, ఎమరీ కాగితం పెట్టాను, చివరికి మెరుగుపెట్టే బఫింగ్ మోటారు మీద పట్టాను. గుంటలు లోతుగా ఉన్నాయి. అవి పోవాలంటే చుట్టూ ఉన్న ఇనుము దిగాలి. దించుకుంటూ పోయాను. గుడ్డతో తుడిచి చూస్తే గుంటలు లేవు, నంబరూ లేదు. ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచాను. చివరి అంకె తోక ఏదో కనిపించినట్టు అనిపించింది. కనిపించిందనే అనుకున్నాను. తుప్పు రాకుండా ఇనుముకి నీలం రంగు పట్టించాక ఆ తోక కూడా లేదు.

నంబరు లేని తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. అది నాకు తెలియక కాదు, నా బతుకే ఆ పని. అప్పుడే ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, పనిలో పొరపాటు జరిగిందని రాసిస్తే ఏదో ఒక దారి ఉండేది. కాని నా మరమ్మతు లైసెన్సు రెన్యువల్ ఆ ఆఫీసులోనే ఉంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. ఆయన వచ్చి తీసుకెళ్ళినప్పుడు నేను నంబరు సంగతి ఒక్క మాట చెప్పలేదు.

"అబ్బో, పెళ్ళికూతురిలా ఉందండీ!" అన్నారు.

ఆ ఏడు మొక్కజొన్న దక్కింది. ఎవరు కనిపించినా "మా అల్లుడుగారు చేసిందండీ" అని ఆ రైఫిల్ గురించి చెప్పేవారట. నాకు అది వినడం కష్టంగా ఉండేది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీసుస్టేషన్‌లో అప్పజెప్పాలి. ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదంటే ఎవరూ నమ్మరు. లెక్కలోకి తీసుకున్నాను. లైసెన్సు పుస్తకం చూసి రసీదు రాసిస్తారు, ఎవరు భూతద్దం పెడతారులే అనుకున్నాను. మా మామగారు రమ్మంటే తోడు వెళ్ళాను.

హెడ్ కానిస్టేబుల్ రైఫిల్ తీసుకుని మెచ్చుకోలుగా చూశాడు. పుస్తకం తెరిచాడు. రైఫిల్ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నంబరేదండీ?"

"అక్కడే ఉంటుందండీ, ముందు వైపు" అన్నారు మా మామగారు. ఆయనకి నిజంగానే తెలియదు. అందరం కలిసి వెతికాం. నేనూ వాళ్ళతో వంగి వెతికాను.

ఎస్సై వచ్చాడు. వేలితో రాసి చూశాడు. "ఇది అరిగింది కాదు, అరగదీసింది. ఎవరు చేశారీ పని?"

మా మామగారు నా వంక చూశారు. కోపంగా చూడలేదు. లెక్క ఏదో తేలినట్టు చూశారు. తరవాత ఎస్సై వైపు తిరిగారు.

"నేనేనండి. తుప్పు పట్టిందని ఇంట్లో గరుకు కాగితం పెట్టి రుద్దానండి. ముసలాణ్ణి, కళ్ళు సరిగ్గా ఆనవు."

"ఇంత నున్నగానా? కొల్లేటి పక్క ఊరు కదా మీది. పిట్టల్ని కొట్టడానికా?"

"ఆయ్, పిట్టకి రైఫిల్ పెడితే ఈకలు కూడా మిగలవు కదండీ."

"నవ్వులాటగా ఉందా పెద్దాయనా?" అన్నాడు ఎస్సై. పిట్టల గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్న, అక్కడున్న నలుగురు విన్న ఆ ఒక్క ప్రశ్న, మర్నాటికి ఊళ్ళో సమాధానం అయిపోయింది.

బయటికి వచ్చాక, "మావయ్యగారూ, లోపలికి వెళ్ళి నేను చెప్పేస్తాను" అన్నాను.

"ఊరుకోండి. మీ కొట్టు పోతే మా అమ్మాయి ఏం తింటుంది? నాదేముంది, ఒక తుపాకీ పోద్ది, అంతేగా."

అంతే అనుకున్నారాయన. నేనూ అంతే అనుకోవాలనుకున్నాను. కేసు పెట్టారు. ఏలూరు కోర్టులో వాయిదాలు మొదలయ్యాయి. వాయిదా ఉన్నప్పుడల్లా ఆయన ముందు రోజే మా ఇంటికి వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నా బండి వెనక కూర్చుని వచ్చేవారు. వరండాలో బల్ల మీద జేబుదొంగల పక్కన కూర్చునేవారు. పేరు పిలిస్తే లేచి వెళ్ళి చేతులు కట్టుకునేవారు. మళ్ళీ వాయిదా. తిరిగి వస్తూ "ఈ కోర్టు దగ్గర ఇడ్లీ బాగుంటుందండీ" అనేవారు.

నిలవలేక ఒకసారి నేనొక్కణ్ణే ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"ఇప్పుడా చెప్పేది? మీరు వెళ్ళి నేను చేశానంటే ఆయన అబద్ధం చెప్పారని తేలుద్ది. ఇద్దరూ కలిసి చేశారంటారు. మీరు లోపలికి పోతే పొండి, ఆయన్ని కూడా తీసుకుపోతారా? వెళ్ళి పని చూసుకోండి."

ఆ మాట విని ఏడుపు వచ్చింది. దానితో పాటు, దాచడం ఎందుకు, కాస్త ఊపిరి కూడా వచ్చింది. చెప్పడానికి లేదు కాబట్టి చెప్పడం లేదు అని నాకు నేను చెప్పుకోవడానికి ఒకటి దొరికింది.

ఊళ్ళో చెరువుల గట్ల తగాదాలు వస్తే అంతకుముందు ఆయన్ని పిలిచేవారు. రెండు వైపుల వాళ్ళూ ఆయన హద్దుగా వేసిన తాడు దగ్గర ఆగేవారు. కేసు తరవాత ఒకరిద్దరు పిలిచారు. అటవీశాఖ వాళ్ళు ఒకసారి ఇంటికి వచ్చి పిట్టల గురించి అడిగి వెళ్ళారు. ఆ జీపు గుమ్మం ముందు ఆగడం ఊరంతా చూసింది. తరవాత ఇక ఎవరూ పిలవలేదు. ఆయన మాత్రం గొడవ జరుగుతోందని వినగానే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవారట. కబురు వస్తుందేమోనని. మా అత్తగారు ఒకసారి చెప్పింది. మెట్ట పొలం పందులు తొక్కేస్తుంటే కౌలుకి ఇచ్చేశారు.

కేసు తేలకముందే ఆయన పోయారు. ముద్దాయి పోయాడు కాబట్టి కేసు మూసేశారు. పెద్దకార్యం అయ్యి ఇంటికి వచ్చాక మా ఆవిడకి చెప్పాను.

"తెలుసండీ" అంది.

"మావయ్యగారు చెప్పారా?"

"ఆయనెందుకు చెబుతారు? గరుకు కాగితం ఏ కొట్లో దొరుకుతుందో కూడా ఆయనకి తెలీదు. అది మీ చేతి నునుపు అని నాకు తెలీదా?"

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"అడిగితే ఏం చేసేవారు?"

ఆమె లేచి వెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకొచ్చి మడత పెట్టుకుంటూ కూర్చుంది.

ఆ రైఫిల్ నాకు ఇప్పించమని కోర్టులో అర్జీ పెట్టాను. కాల్చడానికి కాదు, దాచడానికి. నంబరు లేని ఆయుధం ఎవరి లైసెన్సులోకీ ఎక్కదు, తిరిగి ఇవ్వడం కుదరదు అన్నారు. అది న్యాయమే. ఒకసారి చూస్తానని బతిమాలుకుంటే పోలీసుస్టేషన్ సామాను గదిలో దూరం నుంచి చూపించారు. దాని మెడకి చీటీ కట్టి ఉంది. వానలకి గది గోడ చెమ్మెక్కింది. నేను పట్టించిన నీలం చాలా చోట్ల నిలిచింది గాని, నంబరు ఉండాల్సిన చోట మళ్ళీ ఎర్రగా తుప్పు పూసింది.

"కాస్త నూనె రాయొచ్చా అండీ? గుడ్డ తెచ్చాను" అన్నాను.

"ముట్టుకోకండి" అన్నాడు కానిస్టేబుల్. తరవాత నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "ఎందుకండీ ఇంకా నూనె? ఆర్డరు వస్తే కరిగించేసేదేగా. ఎవరిదండీ ఇది, ఆ పిట్టలాయనదేనా?"

"మా మామగారిదండీ. ఆయన పిట్టల్ని కొట్టలేదు. నంబరు చెరిపింది నేను" అన్నాను.

అతను తాళం వేస్తూ, "సర్లెండి, ఇప్పుడు ఎవరైతే ఏముంది" అన్నాడు.