మోడెం మీద గంధం బొట్టు

మా అత్త పోయిందని పోయిన వారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. అత్త అంటే మా నాన్న చెల్లెలు. తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక వీధిలో ఏళ్ళ తరబడి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. "నిన్న సాయంత్రం కూడా పిల్లోళ్ళకు క్లాసు చెప్పినాదే. నిద్రలోనే పోయినాది" అన్నాడు బావ, ఆమె కొడుకే. బెంగళూరులో ఆఫీసుకు బయలుదేరుతున్నదాన్ని అలాగే బస్సెక్కేశాను.

ఈ ఉద్యోగం నాకు ఆమె చలవే. అందుకే ఈ నాలుగు మాటలు. మా ఇళ్ళలో మాట తెలుగే గానీ చదువంతా తమిళం, అత్తకు తెలుగు అక్షరాలు రావు. నేనూ బెంగళూరు వచ్చాకే నేర్చుకున్నాను. ఆమె ఉండి ఉంటే దీన్ని చదివి వినిపించమనేది, వింటూ మధ్యలో తప్పులు పట్టేది.

టైపు మిషన్ల టకటకల మధ్య ఒక మూలకు అత్త కంప్యూటర్ తెచ్చిపెట్టింది. ఒక పత్రికతో ఊరికే వచ్చిన సీడీ నుంచి అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో దాని పేరు విన్నవాళ్ళే తక్కువ. అందరిలాగా మామూలు సిస్టం పెట్టుకోవచ్చు కదా అని బావ గునిసేవాడు. "ఇది ఏదీ దాచదురా. ఏం చేస్తా ఉందో వరసగా చెప్తా పోతాది. నాకు అట్లాంటి వాళ్ళే సరిపడతారు" అనేది. మిషన్ ఏదైనా మొరాయిస్తే వెంటనే చెయ్యి పెట్టేది కాదు. ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, జబ్బు మనిషిని చూడబోయినట్టు కాసేపు ఊరికే కూర్చునేది. మాకు నవ్వొచ్చేది.

నా చదువు అయిపోయిన ఏడాది దసరా ముందు నాకు బెంగళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు పండగ మరుసటి రోజు మధ్యాహ్నంలోగా జవాబు పంపాలి, లేదంటే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆడపిల్ల ఒక్కతే అంత ఊళ్ళో ఎలా ఉంటుందని నాన్న బెంగ. అత్త పండగ పూట ఆయన్ని కూర్చోబెట్టి, పాయసం పోసి, నచ్చజెప్పి ఒప్పించింది. జవాబు పంపడం ఒక్కటే మిగిలింది.

తీరా పండగ మరుసటి రోజు పొద్దున నాన్నా నేనూ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే నెట్ కలవలేదు. ఫోన్ లైనుకు తగిలించిన మోడెం ఎప్పుడూ చేసే కీచుకీచు చప్పుడే లేదు. తెరమీద డయల్‌టోన్ లేదని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ వాళ్ళు పండగకు ఊరెళ్ళి ఇంకా తెరవలేదు. ఫోన్ బూత్ నుంచి కంపెనీకి ఫోన్ చేస్తే మెయిలే కావాలన్నారు.

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మిషన్‌కు పూజ చేసి రెండు రోజులన్నా కాలేదు, అప్పుడే నోరు మూసుకున్నాది. పోవద్దని చెప్తా ఉండాది. వదిలేయండి."

"అన్నా, అది పోవద్దనలేదు. డయల్‌టోన్ లేదు అన్నాది, అంతే. అది చెప్పిందే విను, చెప్పంది కలపొద్దు" అంది అత్త.

"అమ్మా, ఆ లినక్స్ పీకేసి వేరేది వేస్తాను. గంట పని" అన్నాడు బావ.

"మొన్న ఇదే లినక్స్‌తో మెయిల్ వచ్చినాది కదరా. మొన్నటికీ ఇయ్యాలకీ నడుమ ఏం మారింది? ముందు అది చెప్పు."

అత్త లైను తీసి నేరుగా ఫోన్‌కు తగిలించి నా చెవికి పెట్టింది. గుయ్యిమంటోంది. లైను బాగుంది. తీగ మార్చి మళ్ళీ మోడెంకు పెట్టింది. చప్పుడు లేదు. అంటే తప్పు తీగదీ కాదు. అప్పుడు మోడెం తిప్పి, తీగ దూర్చే చోట టార్చి వేసి చూసింది. చూసి పకపకా నవ్వింది.

లోపల గంధం! ఆయుధ పూజకు మిషన్లన్నీ తీగలు ఊడదీసి తుడిచి, గంధం, కుంకుమ పెట్టడం మా ఆచారం. ముందువైపు పెడితే మోడెం లైట్లు కనిపించవని, వెనకవైపు పెట్టింది అత్త. తడి గంధం లోపలికి దిగి ఎండిపోయింది.

"నేనే పెట్టినాను! బొట్టు పెట్టి నోరు మూసింది నేనే" అని అక్కడున్న టైపింగ్ పిల్లలందరికీ వినబడేలా తమిళంలోనూ చెప్పింది. టీచరు పరువు పోతుందని అనుకోలేదు. టైపు అక్షరాలు తుడిచే బ్రష్షుతో నెమ్మదిగా గీకి ఊది, మళ్ళీ తీగ పెట్టింది. మోడెం ఒక్కసారిగా కీచుమని కేకలు మొదలుపెట్టింది. నాన్న ఉలిక్కిపడ్డాడు.

"ఇప్పుడు విను అన్నా, ఏమంటా ఉందో."

నాన్న కాసేపు విన్నాడు. "సరే, పంపనీ" అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో పెద్ద పెద్ద సిస్టంలు పడిపోయినప్పుడు, చుట్టూ అందరూ తలా ఒక కారణం చెబుతుంటే, నేను అడిగే ప్రశ్న ఒకటే, మొన్నటికీ ఇయ్యాలకీ నడుమ ఏం మారిందని. నాకు తెలివైనదాన్నని పేరొచ్చింది. ఆ పేరు మా అత్తది.

పోయిన వారం ఆమె ఇంటి ముందు చాపల మీద కూర్చున్నవాళ్ళు రాత్రి కుక్క ఏడ్చిందనీ, దీపం కొండెక్కిందనీ చెప్పుకుంటున్నారు. చెప్పంది కలపొద్దనేది అత్త. ఆ మాటలు వినలేక లేచి ఇన్‌స్టిట్యూట్ గదిలోకి వెళ్ళాను. ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటర్ వెలుగుతోంది, అన్నీ మొన్నటిలాగే ఉన్నాయి. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను.

తడిబట్టతో బల్లలు తుడుస్తూ పై అరకు వచ్చాను. పాత మోడెం అక్కడే ఉంది. దాని పని అయిపోయి ఎన్నేళ్ళయినా అత్త ఏటా దానికీ పూజ చేసేది. పోయిన దసరాకు పెట్టిన గంధం పైన సరిగ్గా నడిమధ్యన, ఏ రంధ్రానికీ అందనంత దూరంలో ఎండి ఉంది. అందులో ఆమె బొటనవేలి గీతలు కనిపిస్తున్నాయి. అర అంతా తుడిచి, దాన్ని అలాగే ఉంచేశాను.