అత్త భుజాల మీద నా కాళ్ళు

మా చిన్నప్పుడు... మా వీధిలో ఎవరికి నడుం పట్టేసినా ముందు నాకే కబురొచ్చేది. నవ్వకండి! నేను ఎదురుకాళ్ళతో పుట్టానట. అలా పుట్టినవాళ్ళు పట్టేసినచోట కాలితో తొక్కితే పట్టు వదిలిపోతుందని మా శ్రీకూర్మం చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. అరవైల చివరి మాట... నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

"ఒలే గుంటా, ఓపాలి ఇలగొచ్చి తొక్కీసి పోయే!" అని పిలిచి బోర్లా పడుకునేవారు. మూడుసార్లు తొక్కాలి. మధ్యలో ఆపితే ఆ పట్టు తొక్కినవాళ్ళకే తగులుకుంటుందని చెప్పేవారు. తొక్కాక బెల్లంముక్కో, గుప్పెడు వేరుశనక్కాయలో చేతిలో పెట్టేవారు. అబ్బో, అప్పుడు నా పొగరు చూడాలి...

మా నాన్నకి అక్క, నర్సమ్మత్త, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. నన్ను పెంచింది ఆమే. ఏళ్ళ తరబడి దగ్గు, ఆయాసం... అయినా చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మానలేదు. మా వైపు ఆడవాళ్ళకి అది మామూలే. పంచలో పీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ళకి ఆనించి, ముందుకు వంగి ఊపిరి పీల్చేది. భుజాలు చెవులదాకా లేచి ఉండేవి. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుపోయేవి. అమ్మ వెచ్చటి ఆముదం రాస్తే కాసేపు వదులయ్యేవి, మళ్ళీ మొదటికే.

నన్ను మాత్రం తొక్కనిచ్చేది కాదు. "నాకొద్దే తల్లీ... బోర్లా పడుకుంటే నాకు ఊపిరాడదు" అనేది.

నాకది ఎంత నామోషీ! ఒకరోజు పక్కింటి చిట్టి అందరిముందూ అనేసింది. "మీ అత్త పట్టే పోలేదు... నీ కాళ్ళు ఉత్తుత్తివే!"

ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. అమ్మ పొలం వెళ్ళింది. అత్త బతిమాలింది. "నివ్వు తొక్కనిస్తేనే తింటాను" అని మొండికేశాను.

అత్త నాకేసి చూసి, "సర్లే, రా... ఆకలితో ఉండకు" అంది. చాప పరుచుకుని మెల్లగా బోర్లా పడుకుంది.

ఒకటి... భుజాల మధ్య కాలు పెట్టి గట్టిగా తొక్కాను. రెండు... అత్త అరచేత్తో నేలమీద కొట్టడం మొదలెట్టింది. ఆపమంటోందని నాకు తెలుసు. తెలియలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ... తెలుసు. ఆపితే ఆ పట్టు నాకొచ్చేస్తుందని భయం. మూడోసారి కూడా తొక్కాను.

తిప్పి చూస్తే పెదాలు నీలంగా... కళ్ళు తేలేసింది. నా ఏడుపు విని చిట్టి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి, ఆమెను లేపి ముందుకు వంచి కూర్చోబెట్టింది. చాలాసేపటికి గానీ ఊపిరి కుదుటపడలేదు.

సాయంత్రం అమ్మ నామీదకి చీపురు తీసింది. అత్త ఆయాసపడుతూనే అడ్డుపడింది. "గుంటనేటీ అనకు... నానే తొక్కమన్నాను. సూడు, పట్టు పోనాది" అని భుజాలు దించి చూపించబోయింది. దిగలేదు. అందరం చూశాం. అయినా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది, నా కాళ్ళు మంచివని.

తరువాత రెండేళ్ళే బతికింది.

మొన్నామధ్య మా ఆయనకి ఊపిరితిత్తుల జబ్బని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆయన భుజాలు బిగుసుకున్నాయని నొక్కబోతే, వ్యాయామాలు నేర్పే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఊరికే బిగుసుకోలేదమ్మా అవి. ఊపిరితిత్తులు చాలక మెడా భుజాలూ కూడా ఊపిరి లాగుతున్నాయి. ముందుకు వంగి కూర్చోనివ్వండి, నేను చూస్తాను" అంది.

నొక్కబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తకి మిగిలిన ఆ కాస్త ఊపిరినీ లాగుతున్నవి ఆ భుజాలే... వాటి మీద ఎక్కి తొక్కాను నేను. ఛీ, ఎంత మొండిదాన్ని!

ఇప్పుడు నడుం పట్టేస్తే ఎవరూ పిల్లల కోసం కబురు పెట్టడం లేదు. మందులున్నాయి, చెప్పేవాళ్ళున్నారు... మంచిదే. తనని తొక్కిన పిల్లనే వెనకేసుకొచ్చే అత్తలు మాత్రం మళ్ళీ నాకు కనబడలేదు.

మీరూ చిన్నప్పుడు చేసి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... నేనేమీ అనను. నేనూ ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇదే మొదటిసారి... అత్త నేలమీద కొట్టింది. నేను ఆపలేదు.