ప్రకటనల సందులో కాపురం

మా అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తడి దుప్పట్లను యంత్రంలోంచి లాగడం, ఆరబెట్టడం, అవతలి కొస ఇంకొకరు పట్టుకుంటే మడవడం, ఇదీ పొద్దుటినుంచి పని. అక్కడ యంత్రాల రొదలో మాట వినపడదు. ఏం కావాలన్నా సైగలతో చెప్పుకోవాల్సిందే. సాయంత్రం ఇల్లు చేరితే ఇక్కడ టీవీ రొద. ఈ రెండింటి మధ్యా నలిగి అక్క గొంతే సన్నబడిపోయిందని నా అనుమానం.

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే, కాదనను. తాగడు, తిట్టడు. కానీ ఇంట్లో అడుగుపెట్టగానే, ముఖమైనా కడుక్కోకుండా రిమోటు వెతుక్కుంటాడు. ఇక ఆ తర్వాత బెల్లం కొట్టిన రాయే. నేనుండేది పక్క వాటాలోనే. మా టీవీ పాడై చాలా కాలమైంది కాబట్టి సాయంత్రాలు నేనూ అక్కడే చేరతాను.

ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. సీరియల్ నడుస్తుంటే ఎవరూ నోరు మెదపకూడదు. ప్రకటనలు రాగానే బావ సౌండు తగ్గిస్తాడు. చెప్పేదేదో అప్పుడే చెప్పేయాలి. అక్క ఈ విద్యలో ఆరితేరింది. గుడ్డ చూసి ఏం కుట్టొచ్చో చెప్పే దర్జీలాగా, ఏ మాట ఏ ప్రకటనలో ఇముడుతుందో తనకు తెలుసు. గ్యాస్ అయిపోయిందనడానికి ఒక సబ్బు చాలు. కూతురికి సంబంధం వచ్చిందన్న కబురుకైతే సబ్బూ, గోడల రంగులూ, మోటారు సైకిలూ మూడూ కావాలి. అక్క కూతురి పెళ్లి అలాగే ఖాయమైంది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఈ మధ్య అక్క కుడిచెయ్యి పట్టు తప్పుతోంది. మడతపెడుతుంటే దుప్పటి కొస జారి నేలమీద పడుతోంది. పడినదాన్ని మళ్లీ ఉతకాలి. డాక్టరు మణికట్టు నొక్కి చూసి, "ఇలాగే బరువులు లాగితే రేపు దువ్వెన పట్టుకోవడం కూడా కష్టమమ్మా" అన్నాడట. లాండ్రీలో పని చేయించే సూపర్‌వైజరు ఆవిడ కూడా, "ఉంటావా, మానేస్తావా, తేల్చి చెప్పు. నీ బదులు మనిషిని చూసుకోవాలి కదా" అంది.

"మా ఆయనతో ఒక్క మాట అనుకుని చెప్తానండీ" అంది అక్క.

ఆ ఒక్క మాట ఏ ప్రకటనలోనూ పట్టలేదు. ఒకసారి, "ఏమండీ, నా చెయ్యి..." అనేలోపు సీరియల్ మళ్లీ మొదలైంది. బావ తెరమీదినుంచి కళ్లు తిప్పకుండా అరచెయ్యి ఎత్తాడు. అక్క మిగతాది మింగేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లో పట్టుకుని నిలదీశాను.

"ఆ టీవీ కట్టేసి చెప్పొచ్చుగా అక్కా! నోట్లో నాలుక లేదా నీకు?"

"పొద్దున్నుంచీ లిఫ్టు గోతుల్లో వేలాడి వస్తారే పాపం. ఆయనకున్న సరదా అదొక్కటే. పెద్ద బ్రేక్ వచ్చినప్పుడు చెప్తాలే."

"చెయ్యి పూర్తిగా పడిపోయాక చెప్పు. ఈలోపు సీరియల్ కూడా అయిపోతుంది."

అక్క నవ్వింది. ఆ నవ్వుకు కూడా ఓపిక లేదు.

ఇంతలో అక్క కూతురు వచ్చింది. ఫోన్ల కొట్లో పనిచేస్తుంది, టీవీల సంగతులన్నీ దానికి కొట్టిన పిండి. ఏదో కొత్త ప్యాకేజీ పెట్టించి, "అమ్మా, ఇక మీకు ప్రకటనల గోల ఉండదు. హాయిగా చూసుకోండి" అంది.

బావ ముఖం వెలిగిపోయింది. అక్క మాత్రం, "అసలు రావా? ఒక్కటి కూడా?" అంది.

"ఒక్కటి కూడా రాదమ్మా!" పిల్ల గర్వంగా చెప్పింది.

నాకు ముందు నవ్వొచ్చింది. అక్క ముఖం చూశాక ఏడుపొచ్చింది. తల్లికి మేలు చేస్తున్నాననుకుని ఉన్న ఒక్క సందునూ మూసేసింది పిచ్చిపిల్ల.

ఆ తర్వాత ఆ ఇంట్లో మనిషి మాట వినబడితే ఒట్టు. ఒక భాగం అయిపోతే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. గ్యాస్ అయిపోయిన సంగతి పొయ్యి వెలగనప్పుడు గానీ బావకు తెలియలేదు. లాండ్రీలో ఆవిడ అడిగినప్పుడల్లా అక్క, "ఇవాళ చెప్తానండీ" అని నీళ్లు నమిలేది. చివరికి ఆవిడకు ఓపిక నశించింది. రేపటిలోగా చెప్పకపోతే తనే వేరే మనిషిని పెట్టేసుకుంటానంది.

ఆ సాయంత్రం టీ తెస్తుంటే అక్క చేతిలోంచి గ్లాసు జారింది. టీ బావ కాళ్ల దగ్గర ఒలికింది. ఆయన కాళ్లు పైకి తీసుకుని, "చూసుకోవద్దూ" అన్నాడు, తెరవైపే చూస్తూ. అక్క వంగి ఎడమచేత్తో నేల తుడిచింది. లేచి, కుర్చీ చేతిమీదున్న రిమోటు తీసుకుంది.

"ఇందులో ఆపేది ఏదే?" అని నన్నడిగింది.

చూపించాను. తను నొక్కింది. తెరమీద ఏడుస్తున్న కోడలు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏమైంది? పాడైందా?" అన్నాడు బావ.

"నేనే ఆపాను." ఇక ఊపిరి తిప్పుకోలేదు అక్క. "నా కుడిచెయ్యి పట్టు పోయిందండీ, బరువులు లాగొద్దన్నాడు డాక్టరు, ఉంటానో మానేస్తానో రేపే చెప్పాలట, నాకు మానేయాలనుందండీ, ఇక నా వల్ల కాదు, అంతే." సరిగ్గా ఒక సబ్బూ, ఒక గోడరంగూ అయ్యేంత సేపట్లో ముగించేసి రిమోటు ఆయనకిచ్చింది. "ఇక పెట్టుకోండి."

బావ నొక్కలేదు. రిమోటు అలాగే పట్టుకుని, అక్క చేతికేసి చూశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ప్రకటనలు వచ్చేటప్పటినుంచి."

ఆయన తల దించుకున్నాడు. రిమోటు తీసి కుర్చీ కింద పెట్టాడు. "రేపు లాండ్రీకి నేనూ వస్తా. మానేస్తోందని ఇద్దరం కలిసే చెప్దాం" అన్నాడు. అక్క కదలకపోవడం చూసి, "కూర్చో. అది ఆగే ఉందిగా. మెల్లగా చెప్పు" అన్నాడు.

అక్క కూర్చుంది. ఏదో చెప్పబోయి ఆగింది. తొందర లేకుండా మాట ఎలా మొదలుపెట్టాలో తనకు తెలియలేదు. కుడిచెయ్యి తీసి ఆయన ఒళ్లో పెట్టింది.