డిస్కు మీద ఆకుపచ్చ గీత

పీలమేడులో విమానాశ్రయానికి దగ్గర్లోనే మా వర్క్‌షాపు. విమానం ఇంజిన్లలోంచి విప్పి తెచ్చిన టర్బైన్ డిస్కుల్లో పగుళ్లున్నాయేమో చూడటం నా పని. ఎక్కడో ఒక డిస్కు పగిలిందని, ఆ రకానివన్నీ తప్పనిసరిగా తనిఖీ చేయాలని ఆదేశం వచ్చింది. డిస్కును ఒక ద్రవంలో ముంచి, కడిగి, పొడి చల్లి, చీకటి గదిలో ఊదారంగు దీపం కింద తిప్పి చూస్తాం. పగులుంటే అందులో ఇంకిన ద్రవం ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఆ ఉదయం వెలిగింది. డిస్కు అంచున టర్బైన్ బ్లేడు కూర్చునే గాడి మూలలో, వెంట్రుకంత గీత. దుమ్మేమో అని తుడిచాను. కాసేపటికి అక్కడే మళ్లీ ఊరింది. మొన్నమొన్నటి దాకా ఆ డిస్కు మనుషుల్ని మోస్తూ ఎగిరింది.

ఆ పూటే, నూలు మిల్లులో పనిచేసే మా అమ్మ ఇక్కడినుంచే మొదటిసారి విమానమెక్కుతోంది, చెన్నైలో పెద్దమ్మను చూడటానికి. బయటికి పరుగెత్తి ఫోన్ చేశాను.

“అమ్మా, ఎక్కినావా?”

“ఎక్కేసినాను కన్ను. బెల్టు కట్టుకోమంటా ఉండారు. ఏంటికి, నీ గొంతు అట్లుండాది?”

దిగిపొమ్మని అనబోయాను. ఏమని చెప్పి దింపను? “ఊరికేనే. బద్రంగా పో” అన్నాను.

మా సీనియర్ మదురై వైపు తెలుగువాడు. ఇంకో పరికరంతో పరీక్షించి, అది పగులేనని తేల్చాడు. అమ్మ సంగతి చెబితే విమానాశ్రయంలో తెలిసిన ఇంజినీరుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

“దాంట్లోనూ ఈ రకం ఇంజినేమ్మా. బయపడొద్దు. దాని డిస్కు పోయిన నెలే మన దగ్గర చూసేసినాం.”

“చూసింది ఎవరు, అన్నా?”

“నువ్వే.”

నాకు ధైర్యం చెప్పాననుకున్నాడు ఆయన. ఆ డిస్కు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆ వెలుగులో అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ రోజు నా కళ్లు మండుతున్నాయా? ప్రతి గాడినీ తిప్పి చూశానా? మెట్ల మీద కూర్చుని, ఆకాశంలో వినిపించిన ప్రతి మోతకూ ఉలిక్కిపడ్డాను. పళని మురుగనికి ఏమేమి మొక్కానో నాకే తెలియదు.

చెన్నైలో దిగాక అమ్మే ఫోన్ చేసింది. “మబ్బులు చూస్తిని కన్ను, మన మిల్లులో దూది మాదిరి ఉండాయి!”

నేను ఏడ్చేశాను.

“అయ్యో, ఎన్న ఆచ్చు? ఏమైంది?” అని అమ్మ కంగారుపడింది. ఏమీ లేదన్నాను.

పగిలిన డిస్కును మళ్లీ ఎవరూ వాడకుండా కోసేశారు. నేను లోపలికి వెళ్లి తర్వాతి డిస్కు ముందు దీపం వెలిగించాను. చూపు నిలవలేదు. “అన్నా, నేను చూసినాక మీరూ ఒక తూరి చూడండి” అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.