పసుపు పెట్టిన చీరలూ, నా మొదటి ఫైర్ డ్రిల్లూ

ఆ రోజుల్లో నేను ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ఆకు ముందు కూర్చోబోయే ముందు ఆ ఇంటికి గుమ్మాలెన్నున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. పెళ్ళికి వెళితే అక్షింతలు వేసే సంగతి మర్చిపోయి, షామియానాకి అంత దగ్గరగా పొయ్యి ఎందుకు పెట్టారని వంటవాళ్ళతో పేచీకి దిగేవాణ్ణి. మా అమ్మ దీపం వెలిగిస్తుంటే వెనక నిలబడి "కర్టెన్‌కి మూడడుగుల దూరం ఉండాలమ్మా" అనేవాణ్ణి. ("నీ మొహం, ముందు స్నానం చేసిరా" అనేది ఆవిడ.) ఫైర్ సేఫ్టీలో డిప్లొమా పుచ్చుకుని, గుంటూరులో ఒక చిన్న కన్సల్టెన్సీలో ట్రైనీగా చేరి అప్పటికి అయిదు నెలలైంది మరి. షాపులకీ, ఆస్పత్రులకీ, మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ, పత్తి మిల్లులకీ వెళ్ళి, నిప్పంటుకుంటే లోపలున్నవాళ్ళు ఎటునుంచి బయటపడాలో చూసి, ఏమేం లోపాలున్నాయో రాసివ్వడం మా పని. మా నాన్నగారు పురోహితులు. తెల్లారి లేస్తే ఎవరింట్లోనో హోమం. "మీ ఇంట్లో పనికి కరువు లేదయ్యా, ఆయన అంటిస్తారు, నువ్వు ఆర్పుతావు" అని నల్లపాడు స్టేషన్ దగ్గర టీ కొట్టాయన రోజూ నవ్వేవాడు. రోజూ అదే జోకు. రోజూ నాకు ఒళ్ళు మండేది.

మా ఆఫీసులో పెద్దాయన్ని అందరం వెనకాల క్లాజు సారు అనేవాళ్ళం. ఆయనకి ఆకలేసినా ఏదో ఒక నిబంధన కింద వేస్తుందని మా నమ్మకం. ఒకరోజు నన్ను పిలిచి, గుంటూరులో నాలుగంతస్తుల బట్టల షాపులో డ్రిల్లు చేయించాలన్నారు. డ్రిల్లంటే మరేం లేదు, ఉత్తుత్తి అలారం మోగించి, జనమంతా ఎంతసేపట్లో బయటికొస్తారో చూడటం. "నేను ఆ రోజు ఒంగోలులో పొగాకు గోడౌన్‌కి వెళ్తున్నా. నువ్వొక్కడివే చేయించు. రిపోర్టు సరిగ్గా రాసుకొస్తే పర్మనెంటు. లేదా, నీకు వేరే పని వెతుక్కోవడానికి నేనే సాయం చేస్తా" అన్నారు, చాలా మర్యాదగా. నేను ఇంటికెళ్ళి చెప్పడమే ఆలస్యం, మా నాన్నగారు మొదటి సగం మాత్రమే విని, పర్మనెంటైపోయిందని నర్సరావుపేటలో ఉన్న మా అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పేశారు. అత్తయ్యకి చెప్పాక ఇక జిల్లాలో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

వారం రోజులు కష్టపడ్డాను. వెనక మెట్ల మీద మేడలాగా పేర్చిన బట్టల మూటలు తీయించాను. స్టాఫ్ పేర్ల జాబితా తీసుకుని ఒక్కొక్కరికీ చెప్పాను: అలారం మోగగానే సరుకు ఎక్కడిదక్కడ వదిలేసి, కస్టమర్లని వెనక మెట్లమీదుగా దించేయాలి. అంతస్తుకి ఇద్దరికి విజిల్సు కూడా ఇచ్చాను. నేను నారింజరంగు జాకెట్టు, తెల్ల టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, నాకే నామీద గౌరవం కలిగింది. షాపు షావుకారు గారు ఎదురుగా పేవ్‌మెంటు మీద కుర్చీ వేయించుకుని, చేతిలో ఫోన్లో టైము పెట్టుకుని కూర్చున్నారు. పదకొండున్నరకి నేను రెండో అంతస్తులో ఉండి, అలారం కొట్టమన్నాను.

అలారం బ్రహ్మాండంగా మోగింది. సేల్స్ అమ్మాయిలు టకటకా లేచి, విజిల్ ఊదుకుంటూ వెనక మెట్లు దిగి, మూడు నిమిషాల్లో రోడ్డు మీద వరసగా నిలబడ్డారు. అంతా నేను చెప్పినట్టే చేశారు. ఒక్క కస్టమర్లని తీసుకెళ్ళడం మాత్రం మర్చిపోయారు.

రెండో అంతస్తు పట్టుచీరల సెక్షన్. అక్కడ పరుపుల మీద అద్దంకి వైపు నుంచి వచ్చిన పెళ్ళివారు, ఆడవాళ్ళే పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. పొద్దున తొమ్మిదింటినుంచీ చూసి చూసి, అప్పుడే ముహూర్తం చీర తేల్చుకుని, దాని కొంగుకి పసుపు పెడుతున్నారు. నేను వెళ్ళి, "అమ్మా, అందరూ లేచి బయటికి పదండి!" అని అరిచాను. పెళ్ళికూతురి పెద్దమ్మట, ఆవిడ నన్ను టోపీ నుంచి బూట్ల దాకా చూసి, "ఎందుకు బాబూ?" అంది.

"మంటలొచ్చాయనుకోండి..."

"వచ్చాయా?"

"రాలేదండి. వచ్చాయనుకోవాలి."

"రానివి వచ్చాయని ఎందుకనుకోవాలయ్యా, శుభమా అని చీరకి పసుపు పెట్టుకుంటుంటే!" అంది పెద్దమ్మ. ఈ ప్రశ్న మా డిప్లొమాలో రాలేదు. ఇది ఉత్తుత్తి పరీక్షేనండీ, అయిదు నిమిషాల్లో వచ్చేస్తారండీ, నా ఉద్యోగమండీ అని బతిమాలాను. ఉద్యోగం మాట వినగానే ఆవిడ మెత్తబడింది. "సరే, లేవండర్రా, పిల్లాడి పొట్టకొట్టడం దేనికి" అంటూ లేచి, చీర మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"చీర వదిలేసి రావాలండి" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. "పసుపు పెట్టిన చీర పరుపు మీద పారేసి పోతారా ఎవరన్నా? మీ ఇంట్లో పెళ్ళిళ్ళు కాలేదా? మీ నాన్న ఏం చేస్తాడు?" అంది. మా నాన్న పురోహితుడని చెబితే ఇంకేమంటుందోనని వాచీ చూసుకున్నాను. అలారం చెవుల్లో గింగురుమంటోంది, టైము పోతోంది. "సరే, పట్టుకునే రండమ్మా!" అనేశాను. అంతే. పెద్దమ్మ చీర పట్టుకుందని పిన్నమ్మ తన చీర పట్టుకుంది, పక్క పరుపు మీద ఉన్నవాళ్ళు "మేం కూడా అప్పుడే తీసి పెట్టుకున్నాం" అని వాళ్ళవి పట్టుకున్నారు. వెనక మెట్లు చూపిస్తే, "మేం వచ్చిన దారినే పోతాం, మా చెప్పులు కింద ముందువైపున్నాయి" అన్నారు. (ఇప్పుడు నేను పాఠాలు చెప్పేచోటల్లా ఇదే చెబుతాను: జనం వచ్చిన దారినే పోతారు. అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు.) మొత్తానికి ఒక ఊరేగింపు ముందు మెట్లు దిగింది. చంకల్లో చీరలు, భుజాల మీద చీరలు, ఒకావిడ నెత్తిమీద కూడా. అన్నిటికీ వెనక నారింజ జాకెట్టులో నేను, విజిల్ ఊదుతూ.

కింద ముందు గుమ్మం దగ్గర ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉంటాడు. బిల్లు చూసి, దానిమీద ముద్ర కొడితేగానీ ఎవర్నీ బయటికి పోనివ్వడు. ముద్ర తాత అంటారు. ఆయన్ని పెట్టింది షాపువాళ్ళు కాదు, సెక్యూరిటీ ఏజెన్సీ. అందుకని స్టాఫ్ జాబితాలో ఆయన పేరు లేదు. పేరు లేదు కాబట్టి నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆ తాత వైపునుంచి చూడండి. గంట గణగణా మోగుతోంది, అమ్మేవాళ్ళంతా రోడ్డున పడ్డారు, పైనుంచి ముప్ఫై మంది ఆడవాళ్ళు బిల్లుల్లేని పట్టుచీరలతో పరుగున దిగుతున్నారు. ఆయన క్షణం ఆలోచించలేదు. బయటికి దూకి, షట్టరు దడాలున లాగి, తాళం వేసేశాడు.

చీకటి. (డ్రిల్లు కదా అని, అలారంతో పాటు కింద లైట్లు నేనే ఆపించాను.) ఒక్కసారి అందరూ కెవ్వుమన్నారు. వెనకవాళ్ళు ముందువాళ్ళ మీద పడ్డారు. నేను షట్టరు మీద బాదుతూ "తాతా, తియ్యి! నేను కన్సల్టెంట్‌ని!" అని అరిచాను. "ముందు చీరలు లోపల పెట్టండి, అప్పుడు చూద్దాం నువ్వెవరో!" అని బయటినుంచి జవాబు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బాబూ, నిజంగా రాలేదు కదూ మంటలు?" అంది. రాలేదమ్మా అన్నాను. అంటున్నానే గానీ, వచ్చి ఉంటేనో అని అప్పుడే మొదటిసారి తట్టింది.

తోచిందల్లా పరుగెత్తడం. ఒకటో అంతస్తు ఎక్కి, వెనక మెట్లు దిగి, సందులోంచి తిరిగి రొప్పుతూ రోడ్డు మీదికొచ్చాను. షావుకారు గారు ఫోన్లోంచి తలెత్తి, "అందరూ వచ్చేశారా?" అన్నారు.

"నేను వచ్చానండి" అన్నాను.

తాళం తీయించి అందర్నీ బయటికి తెచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలైంది. షావుకారు గారు తాత మీద విరుచుకుపడ్డారు. తాత చేతిలో ముద్ర అలాగే ఉంది. "చీర పోతే నన్నే కదండీ అడుగుతారు. ఇదేదో పరీక్షని నాకెవరు చెప్పారు?" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "బాబూ, నిజంగా అంటుకునుంటే వాళ్ళంతా నా చేతుల మీదుగానే..." అని ఆపేశాడు. షావుకారు గారు మాత్రం నన్ను లోపలికి తీసుకెళ్ళి కూల్‌డ్రింకు ఇప్పించి, "నాలుగు నిమిషాలని రాసెయ్యండి, ఎవరు చూశారు? మనసొప్పకపోతే తప్పంతా తాతదని రాయండి, రేపటినుంచి మాన్పించేస్తా. మీ ఉద్యోగానికీ ఢోకా ఉండదు" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కాగితం ముందు కూర్చున్నాను. నాలుగని రాస్తే పర్మనెంటు. తాతని రాసినా పర్మనెంటే. నిజం రాస్తే మా నాన్నగారు అత్తయ్యకి మళ్ళీ ఫోన్ చేయాలి. నాకంతా అయోమయంగా ఉంది. ఏది తెలివో, ఏది తెలివితక్కువో తేల్చుకోలేక, చివరికి జరిగిందే రాశాను: "పంతొమ్మిది నిమిషాలు. కారణం, గుమ్మం దగ్గర మనిషికి చెప్పకపోవడం. చెప్పాల్సినవాణ్ణి నేను. సరుకు తేనిచ్చిందీ నేనే." రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

క్లాజు సారు రెండుసార్లు చదివారు. "షట్టరు పడ్డప్పుడు నువ్వెటువైపున్నావు?" అన్నారు.

"లోపలేనండి."

"అయితే నువ్వూ పోయేవాడివేరా" అన్నారు. మొదటిసారి ఆయన నోట ఏ క్లాజూ రాలేదు. నా ట్రైనింగ్ ఇంకో ఆరునెలలు పొడిగించారు. తాత ఉద్యోగం నిలబడింది. మా అత్తయ్య జిల్లా అంతా మళ్ళీ ఫోన్లు చేసింది, ఈసారి ఓదార్చమని.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, కింద నలుగురు కుర్రాళ్ళున్నారు, ఒంగోలునుంచి తాడేపల్లి దాకా క్లయింట్లున్నారు. రిపోర్టులో ఎవరికీ నొప్పి తగలకుండా ఎలా రాయాలో బాగా వచ్చేసింది. మొన్న ఒకచోట తప్పు మాదే అయింది. ఆ సంగతి రాయడానికి కూర్చుంటే, కొట్టివేతలూ దిద్దుబాట్లూ అయి రెండు రోజులు పట్టింది. ఏమీ తెలియని ఆ తెల్లటోపీవాడు పది నిమిషాల్లో ఎలా రాశాడురా నాయనా అని నవ్వుకున్నాను, కొంచెం అసూయగానే.