ఒక బండికి ఒకే గడ

ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో మా అవ్వకు చెప్పడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మా దగ్గర అమ్మను అవ్వ అంటారు. బోధన్‌లో మా ఇంటి వాకిట్లో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆమె రోజంతా బీడీలు చుట్టేది. నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ల డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పరీక్షల లోపల ఏదైనా ఆఫీసులో పని నేర్చుకుని సర్టిఫికెట్ తేవాలని కాలేజీలో చెప్పారు.

"జీతం ఇస్తరా?" అంది అవ్వ.

"ఇయ్యరు. పని నేర్పుతరు."

"ఏం పని?"

"సెల్‌ఫోన్లల్ల ఆడుకునే ఆటలు తయారు చేసుడు."

ఆమె తునికాకు కత్తిరించడం ఆపి నా వంక చూసింది. "ఆడుకునేతందుకు గూడ ఆఫీసు పెట్టిండ్రా? మేం చిన్నగున్నప్పుడు ఊకెనే ఆడుకున్నం."

బాపుకు, అంటే మా నాన్నకు, బస్టాండు దగ్గర సైకిల్ రిపేరు దుకాణం ఉండేది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. అన్నం తింటూ ఒకే మాట అన్నాడు. "ఉగాది దాక పో బిడ్డ. ఆళ్లు పనిల పెట్టుకుంటె మంచిదే. లేకుంటె ఇంటికాడ అవ్వకు ఆసరగుండు." ఆసరా అంటే బీడీలు చుట్టడం. నాకు ఆ పని రాక కాదు, బాగానే వచ్చు, నా భయమంతా అదే. ఒకసారి చాట ముందు కూర్చుంటే మళ్లీ లేవడం ఎంత కష్టమో మా వీధిలో అక్కలందరినీ చూస్తూనే పెరిగాను. అందుకని ఉగాది లోపల ఆ ఆఫీసులో ఉద్యోగం సంపాదించి తీరాలని గట్టిగా అనుకున్నాను.

ఆఫీసంటే నిజామాబాద్‌లో ఒక జిరాక్సు దుకాణం పైన రెండు గదులు. ఒక దాంట్లో కంప్యూటర్లు, ఇంకో దాంట్లో వాటి అట్టపెట్టెలు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. సెల్‌ఫోన్లకు రంగుల తెరలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆఫీసు పెట్టినాయనదీ బోధనే. హైదరాబాద్‌లో ఇలాంటి చోటే కొన్నేళ్లు పని చేసి, సొంతంగా చేద్దామని వచ్చేశాడు. సార్ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరో వచ్చారన్నట్టు. అన్న అనేవరకూ పలికేవాడు కాదు. నాతో పాటు చేరింది మెండోర నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే నా క్లాస్‌మేట్. ఆమె బొమ్మలు గీసేది, నేను ప్రోగ్రాం రాసేదాన్ని. అన్న మా ఇద్దరి తప్పులూ దిద్దేవాడు, మధ్య మధ్య చాయ్ తెప్పించేవాడు.

చెరుకు సీజనులో ఒకరోజు నా బస్సు చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయి, ఆఫీసుకు ఆలస్యంగా చేరాను. ఎందుకు లేటైందని అన్న అడిగాడు, చెప్పాను. "ట్రాక్టర్లా? ఎడ్లబండ్లు వస్తలేవా ఇప్పుడు?" అన్నాడు. ఏవో ఒకటీ అరా వస్తున్నాయన్నాను. అంతే, ఇద్దరం మొదలుపెట్టాం. మా చిన్నప్పుడు ఫ్యాక్టరీ మొదలైందంటే ఊరంతా బెల్లప్పాకం వాసన వచ్చేది. బడి ముందునుంచే బండ్ల వరస సాగేది. బడి వదలగానే పిల్లలం వాటి వెనక పడేవాళ్లం. బండి నడుస్తుండగా వెనకనుంచి ఒక చెరుకు గడ పట్టి గుంజడం, అది ఊడి చేతికొస్తే పక్క సందులోకి ఉరకడం. గడ జారేటప్పుడు ఆకు చప్పుడు చేస్తుంది. బండాయనకు వినపడుతుంది. అయినా తిరిగి చూడడు. అన్న చెబుతూ చెబుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "గిదే చేద్దాం" అన్నాడు. "గిదే మన ఆట."

అంతకు ముందు ఆయన బొంబాయి కంపెనీ ఒకదానికి కారు పందేల ఆటలు చూపించి వాళ్ల చేత కాదనిపించుకుని ఉన్నాడు. ఆ కంపెనీ తీసుకుంటే ఆట దేశమంతటి ఫోన్లలోకి పోతుంది. తీసుకోకపోతే గదుల తాళాలు ఓనరుకు ఇచ్చెయ్యడమే. మాకు ఆ సంగతి ఆయన దాచలేదు. "ఒప్పుకున్నరంటే మీరిద్దరు ఈడనే ఉద్యోగం. లేకుంటె సర్టిఫికెట్ రాసిస్త, అంతకంటె నాతోని కాదు."

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ ఫోన్ తెర అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఎద్దును చుక్క చుక్క పెట్టి గీయాలి. నా స్నేహితురాలు గీసిన ఎద్దు నిలబడితే ఎద్దులాగే ఉండేది, నడిస్తే కుక్క అయిపోయేది. ఏ కాలు ముందు పడుతుందో చూపిస్తానని అన్న నేల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి గదంతా తిరిగాడు. సరిగ్గా అప్పుడే కింది జిరాక్సు దుకాణమాయన చిల్లర కోసం పైకొచ్చాడు. కాసేపు చూసి ఏమీ అడగకుండా దిగిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అన్నను చూసినప్పుడల్లా "తబియత్ మంచిగున్నదా?" అని పలకరించేవాడు.

ఆట తయారైంది. బండ్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ గేటు వైపు పోతుంటాయి. వెనక ఒక పిల్ల ఉరుకుతుంది. మీట నొక్కితే గడ గుంజుతుంది. పైన ఒక తెల్లకొంగ ఎగురుతూ ఉంటుంది, అది నా స్నేహితురాలి ముచ్చట. ఆ కొంగంటే ఆమెకు ప్రాణం. మొదటి తెర మీద మా ఆఫీసు ఫోన్ నంబరు ఉండాల్సిందేనని అన్న పట్టుబట్టాడు.

బొంబాయికి పంపాం. వాళ్లు ఆడి చూసి జవాబు రాశారు. బొమ్మలు బాగున్నాయట, ఎద్దు చాలా బాగుందట. కానీ ఆటలో పెద్ద తప్పు ఉందట. రెండోసారి గడ గుంజగానే ఏ కారణమూ లేకుండా ఆట ముగిసిపోతోందట.

అన్నా నేనూ ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నాం. అది తప్పు కాదు. ఒక బండికి ఒకే గడ. రెండోది గుంజితే బండాయన దిగుతాడు, ఆ రోజుకు నీ పని ఖతం. దిగకపోయినా తోటి పిల్లలే ఊరుకోరు. రెండోది గుంజినవాణ్ని ఆ సీజనంతా మాతో ఉరకనిచ్చేవాళ్లం కాదు. ఈ మాట మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆటలో కూడా ఎక్కడా రాయలేదు. రాయాలన్న సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. మెండోర దిక్కు పసుపూ మక్కజొన్నా తప్ప చెరుకు లేదు, నా స్నేహితురాలికి ఎలా ఆడాలో మేమే చూపించాం కాబట్టి ఆమె కూడా రెండోది గుంజి చూడలేదు.

అన్న బొంబాయికి ఫోన్ చేసి హిందీలో చాలాసేపు చెప్పాడు. అవతలాయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. చివరికి, అది మీ ఊళ్లో సంగతి, ఆడేవాడికి ఎంత గుంజితే అంత పాయింట్లు రావాలి, బండి ఖాళీ చేస్తే ఇంకా ఎక్కువ రావాలి, అలా మార్చి ఈ నెలలో ఇస్తే తీసుకుంటాం అన్నాడు. మార్చాక ఇక దేన్నీ ముట్టుకోవద్దనీ, మళ్లీ ఏదైనా తేడా వస్తే తీసుకోలేమనీ కూడా చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. నాది చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం. "గట్లైతే అది మన ఆట ఎట్లైతదన్నా? బండి ఖాళీ చేసుడు ఏంది? దొంగతనం గాదా?" అన్నాను.

"ఒగటి గుంజితే దొంగతనం గాదా మరి?"

"గాదు."

అన్న నవ్వలేదు. "నాకు తెల్వదా? నేను గుంజలేదా? కని గదులకు తాళం పడితే నువ్వేం చేస్తవు?"

ఏం చేస్తానో నాకు బాగా తెలుసు. చాట కళ్ల ముందు కనపడింది. నోరు మూసుకుని కూర్చుని ఆ నియమాన్ని తీసేశాను. ఎంత గుంజితే అంత. బండి ఖాళీ చేస్తే టపాకాయల చప్పుడు కూడా పెట్టాను, కోపంతోనే పెట్టాను.

ఆఫీసుకు ఉన్న ఒకే ఒక రంగుల ఫోన్‌ను చేతిరుమాల్లో చుట్టుకుని ఆ ఆదివారం పరీక్షించడానికి ఇంటికి తెచ్చాను. అవ్వకు చూపించాను. అవ్వ పుట్టినూరు చెరుకు ఊరు, వాళ్ల బాపు బండి తోలేవాడు. తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ పట్టుకుంది. ఎద్దును చూసి "మంచిగ నడుస్తుంది" అంది. నేను మీట మీద మీట నొక్కి బండి ఖాళీ చేసి చూపించాను. టపాకాయలు మోగాయి. ఖాళీ బండి ఊగుకుంటూ గేటు లోపలికి పోయింది.

అవ్వ ఫోన్ వంకే చూస్తూ, "మరి బండాయన కాంట కాడ ఏం సూపిస్తడే?" అంది.

కాంట అంటే ఫ్యాక్టరీలో చెరుకు తూచే చోటు. అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టి మళ్లీ చాట ముందుకు జరిగింది. ఆమెకు కోపం కూడా రాలేదు. అడగాల్సింది అడిగింది, అంతే.

మర్నాడు నా స్నేహితురాల్ని అట్టపెట్టెల గదిలోకి తీసుకుపోయాను. పిల్లలకు చెరుకు దొరికే దారి ఇంకొకటి కూడా ఉండేది మా దగ్గర. గుంజకుండా, లేదా ఒకటే గుంజి మర్యాదగా వెనక ఉరికే పిల్లలకు ఎప్పుడైనా ఒక బండాయన తనే వెనక్కి తిరిగి నాలుగు గడలు విసిరేవాడు. ఆ రోజు పండగే. అలా ఒక ముగింపు పెడదామన్నాను. ప్రతి బండికీ ఒకే గడ గుంజుతూ ఎవరైనా చివరిదాకా పోతే, ఆఖరి బండాయన తిరిగి చూసి గడలు విసరాలి. రెండోది గుంజితే అది రాదు, బొంబాయి వాళ్లు చెప్పినట్టే ఆట నడుస్తుంది. వాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు.

"అన్నకు చెప్దామా?" అంది ఆమె.

"చెప్తే వద్దంటడు. ముట్టుకోవద్దన్నరు గద."

"తేడా వస్తే?"

"నీకు నాకు ఇద్దరికి ఉద్యోగం పోతది."

"బండాయనకు రుమాలు ఏ రంగు?" అంది ఆమె. ఎర్ర రంగన్నాను, మా అవ్వ వాళ్ల బాపుది ఎర్ర రుమాలే. చిక్కల్లా జాగా దగ్గర వచ్చింది. అప్పటి ఫోన్లలో ఆట మొత్తం అరవై నాలుగు కేబీ దాటకూడదు. మేం అప్పటికే అంచుల దాకా నింపేశాం. ఏదో ఒకటి తీస్తే తప్ప బండాయన వెనక్కి తిరగలేడు. ఆమె నాతో ఒక పూట మాట్లాడలేదు. సాయంత్రం తనే వచ్చి తన కొంగను తీసేసింది.

బొంబాయికి ఆట పంపాం. ఫోన్ మోగినప్పుడల్లా దొరికిపోయామనే అనుకున్నాను. దొరకలేదు. తీసుకున్నారు. అన్న కింది దుకాణమాయనతో సహా అందరికీ జిలేబీ పంచాడు. ఉగాదికి మా ఇద్దరికీ ఉద్యోగాలు ఖాయమయ్యాయి. బాపు "మంచిది బిడ్డ" అన్నాడు, ఆయనకు అదే ఉపన్యాసం. అవ్వ మాత్రం బస్సులో తోడుగా వచ్చి, ఆఫీసు చూసి, కుర్చీలు మెత్తగా ఉన్నాయని చెప్పి పోయింది.

నెలలు గడిచాయి. ఆ ముగింపు ఎవరికైనా కనపడిందో లేదో మాకు తెలియదు. అడిగే వీలూ లేదు. మేం ఇంకేవో ఆటల్లో పడిపోయాం. నేను కూడా కొంచెం మరిచిపోయాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. అన్న ఎత్తాడు. "అవునన్న, మేమే చేసినం... లేదన్న, గట్లేం లేదు మా ఆటల... తిరుగుడేంది?... ఎర్ర రుమాలా?" అని కాసేపు విన్నాడు. తర్వాత రిసీవరు మీద చెయ్యి పెట్టి నా వంక చూశాడు. "మస్కట్ నుంచి చేస్తున్నడు. ఆటల ఏదో తప్పున్నదంటున్నడు. ఆఖరి బండాయన చెరుకు ఇసురుతున్నడట. నువ్వే మాట్లాడు."

నా స్నేహితురాలు కంప్యూటర్ వెనకకు వంగిపోయింది. నేను రిసీవరు తీసుకున్నాను.

అవతల గోలగోలగా ఉంది, నలుగురైదుగురు ఉన్న గదిలా. "చెల్లే, మాది ఎడపల్లి దిక్కు" అన్నాడాయన. ఎడపల్లి మా బోధన్ పక్కనే. "ఇంటికాడికెళ్లి తెచ్చుకున్న ఫోన్ల గీ ఆట ఉండె, ఈడ రూముల అందరం గిదే ఆడుతం. కేరళోళ్లు, బీహారోళ్లు మస్తు పాయింట్లు కొడ్తరు. బండ్లు ఖాళీ జేస్తరు. నాకు చెయ్యి రాలే. ఒగ బండికి ఒగటే గుంజిన. అందరు నవ్విండ్రు నన్ను. ఆఖరికి బండాయన ఎన్కకు తిరిగి..."

మాట పూర్తి చెయ్యకుండానే గదిలోవాళ్లను గోల ఆపమన్నాడు.

"గిది ఎవలు చెప్పిండ్రు మీకు?" అన్నాడు.

"ఎవలు చెప్తరన్నా. నాది బోధనే."

"గట్లనా" అన్నాడు. ఇంకేదో అనబోతుండగా కార్డు అయిపోయినట్టుంది, ఫోన్ ఆగిపోయింది. రిసీవరు పెట్టేసి వెనక్కి తిరిగాను. ఎక్కడో ఎడారిలో ఒక గదిలో అందరూ నవ్వుతుంటే రెండో గడ గుంజలేకపోయిన మనిషి ఒకడున్నాడు. అంతకంటే పెద్ద జీతం నాకు ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

అన్న సొరుగులోంచి ఆ పాత రంగుల ఫోన్ తీశాడు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని ఆడడం మొదలుపెట్టాడు. ఒక బండి, ఒక గడ. మళ్లీ ఒక బండి, ఒక గడ. మేమిద్దరం ఆయన భుజాల వెనక నిలబడ్డాం. ఒక్కసారి కూడా ఆయన వేలు రెండోదాని మీదికి పోలేదు. ఆఖరి బండి గేటు దగ్గరికి వచ్చింది. ఎర్ర రుమాలు మెల్లగా వెనక్కి తిరిగింది, చెయ్యి లేచింది, గడలు వచ్చి పిల్ల కాళ్ల దగ్గర పడ్డాయి.

అన్న కళ్లు తడిశాయి, దాచుకోలేదు కూడా.

"పైన కొంగ ఉండె గద, ఏమైంది?" అన్నాడు.

"తీసేసినం అన్నా. జాగ సాలలే" అంది నా స్నేహితురాలు.

ఆయన తల ఊపి ఫోన్‌ను సొరుగులో పెట్టాడు. "మంచి పని చేసిండ్రు" అన్నాడు. "కొంగదేమున్నది, మళ్ల గీసుకోవచ్చు."