వేలు పెట్టని పదిమంది

1978 డిసెంబరులో కంబదూరు దిక్కున ఒక పంచాయతీ సమితికి ముఖ్యసేవికగా వెళ్ళాను. గ్రామసేవికలకు పైన, బీడీవోకు కింద ఉండే ఉద్యోగం. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. నాకు అప్పజెప్పిన పని, బుట్టలల్లే ఎరుకల ఆడవాళ్ళ చేత సహకార సంఘం పెట్టించడం. వంక పక్కనున్న ఈతవనాన్ని ఏటా ఒక గుత్తదారు వేలంలో పాడుకుని, ఈతబరిగెలను మోపుల లెక్కన వీళ్ళకే అమ్మేవాడు. మార్చి ఆఖరులోగా పదిమంది పేర్లతో దరఖాస్తు పడితే వనం సంఘానికి. పడకపోతే మళ్ళీ అతనికే.

సరిగ్గా పదిమందే దొరికారు. వాళ్ళకు పెద్ద సుంకమ్మ. ఇంకేముంది, వేలిముద్రలే కదా అని ఇంకు ప్యాడు తెరిచాను. పది చేతులూ కొంగుల్లోకి పోయాయి.

బతిమాలాను, అరిచాను, చివరికి సుంకమ్మ చెయ్యి పట్టి లాగాను. ఆమె పిడికిలి విప్పలేదు.

"మా నాయన సంతకు పోవల్లంటే స్టేషన్లో వేలు పెట్టి పోయినాడు. యాడ దొంగతనం జరిగినా ఆ కాగితమే తీసేటోళ్ళు. ఈ కాగితం యాడికి పోతాదో నీకు తెలుసునా?" అంది.

కులం మొత్తాన్నీ దొంగల్ని చేసిన తెల్లదొరల చట్టం రద్దయి పాతికేళ్ళు దాటిందని పాఠం చెప్పాను.

"అయితే నీ వేలు పెట్టు ముందు."

నేను సంతకం చేస్తానన్నాను.

"చూడు, నువ్వు బీయే చదివినావని నీ వేలు నీ కాడే ఉండాది. మా వేళ్ళు మా కాడ ఉండకూడదా? మాకూ రాసేది నేర్పు."

అప్పటికి అయిదు వారాలే గడువు. బీడీవో నెత్తి కొట్టుకున్నాడు. గుమాస్తా అయితే, "దానికేం మేడం, నాకు పది వేళ్ళు ఉండాయి" అని ప్యాడు దగ్గరికి లాక్కున్నాడు. నేను అన్న మాట ఇక్కడ రాయను.

రోజూ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఇసకలో ఈతపుల్లలతో రాయించాను. తొమ్మిదిమందికి పేర్లు వచ్చాయి. పదోది సుంకమ్మ. బరిగెలు చీల్చి చీల్చి ఆమె వేళ్ళు కొయ్యలయ్యాయి. మార్చి ముప్పై ఒకటిన ఆఫీసులో నిలబడి, కలాన్ని కత్తిలా పట్టుకుని, 'సుంక' దాకా వచ్చి ఆగిపోయింది.

పేరు పూర్తిగా లేదు, చెల్లదన్నాడు గుమాస్తా.

"నీ సంతకంలో ఒక్క అక్షరం చూపించు, ఇది కొట్టేస్తాను" అన్నాను. ఆ గుమాస్తా దొర సంతకం సిరాలో పడి లేచిన వానపాము. బీడీవో తన సంతకం వంక కూడా ఒకసారి చూసుకుని, ముద్ర కొట్టాడు.

"మిగిలింది వచ్చే ఏడు రాస్తాలే" అని సుంకమ్మ బయటికి నడిచింది. ఆ ఏడు ఈతవనంలో మొదటి బరిగె ఆమే కోసింది.

తర్వాత నేను ఏ ఊళ్ళోనూ ముందు కాగితం తీయలేదు. ఇంతకు ముందు మీ చేత ఎవరు, దేనికి ముద్ర వేయించుకున్నారని అడిగాకే సంచీ విప్పేదాన్ని. ఈ ప్రశ్న ఏ సర్క్యులర్‌లోనూ లేదు. ఉండాల్సింది.